కుడికాలు ముందు పెట్టండి

ఒంటికాలి మనిషిని చూసి కుళ్ళుకున్నవాణ్ని నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాతెప్పుడో తెలిసి మీరు ముఖం చిట్లించుకునేకంటే ఇప్పుడే చిట్లించేసుకోండి, ఆ పని అయిపోతుంది.

అతను నాకు తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. మిలటరీలో ఉద్యోగం. సరిహద్దులో గస్తీకి వెళ్ళినప్పుడు నేలలో పాతిపెట్టిన మందుపాతర పేలి కుడికాలు మోకాలి కిందినుంచి పోయింది. నాకేమో ఏలూరులో పంక్చర్ల షాపు. కాళ్ళు రెండూ ఉన్నాయి గాని, రోజంతా వాటిని మడిచి పీట మీద కూర్చుంటాను కాబట్టి వాటితో నాకు పెద్దగా పరిచయం లేదు.

మా అత్తవారిది పెదపాడు పక్కన ఒక ఊరు. కొంచెం వరిచేను, ఒక చేపల చెరువు, అరుగున్న పెంకుటిల్లు. పెద్దల్లుడి హోదాలో పన్నెండేళ్ళపాటు ఆ ఇంట్లో నేను మూడు పదవులు అనుభవించాను. మొదటిది, అరుగు మీద పడకకుర్చీ. నేను వెళ్ళానంటే మావయ్యగారు కూడా లేచి దాన్ని నాకు వదిలేసేవారు. రెండోది, ఆదివారం పులుసులో శీలావతి చేప తలకాయ. మధ్యముక్కలు ఎవరికైనా వేసుకోండి, తలకాయ మాత్రం నాది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ ఇంట్లో నవ్వించే పని నాది.

ఎనిమిదో తరగతి మధ్యలో మానేసినవాడికి మర్యాద ఎక్కడినుంచి వస్తుందండీ? నవ్విస్తే వస్తుంది. అసలు మానేసిందే నవ్వించి. లెక్కల మాస్టారు, "ఒక మనిషి ఒక గోడ ఆరు రోజుల్లో కడితే, ఆరుగురు కలిసి ఎన్ని రోజుల్లో కడతారు?" అని అడిగారు. "ఆరుగురు కలిస్తే గోడ కట్టరండీ, పేకాట మొదలెడతారు" అన్నాను. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. బెత్తం విరిగింది. మర్నాటినుంచి నేను బడికి వెళ్ళలేదు, మా నాన్న కూడా రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.

తోడల్లుడు ఆ ఇంటికి అల్లుడైనప్పుడే నా కడుపులో మొదటి మంట పుట్టింది. పెళ్ళిలో అందరూ అతని పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. నేను కూడా తీయించుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో గోడకి ఉంది. అందులో అతను నవ్వుతున్నాడు, నేను గాలి తక్కువైన ట్యూబులా ఉన్నాను. అయినా అతను ఏడాదికొకసారి సెలవుకొచ్చేవాడు, పది రోజులుండి వెళ్ళిపోయేవాడు. పది రోజులకి తలకాయ వదులుకోవచ్చు అని సర్దుకున్నాను.

కాలు పోయిందని ఫోనొచ్చిన రోజు నేనూ ఏడ్చాను. అది అబద్ధం కాదు. షాపు మూసేసి, మా ఆవిణ్ని బండి మీద ఎక్కించుకుని పెదపాడు వెళ్ళే దారంతా ఏడుస్తూనే నడిపాను. కుళ్ళు వేరు, ఏడుపు వేరు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయని నాకు అప్పటికి తెలియదు.

నెలల తరబడి మిలటరీ ఆసుపత్రిలో ఉండి, పెట్టుడు కాలు వేయించుకుని, నడక నేర్చుకుని, రెండు నెలల సెలవు మీద వచ్చాడు. సొంతూరు తాడేపల్లిగూడెం. అక్కడ వాళ్ళమ్మగారుండేది మేడ మీద అద్దెవాటా, మెట్లు నిచ్చెనలా నిలువుగా ఉంటాయి. అందుకని అతన్ని తిన్నగా అత్తవారింటికే తీసుకొచ్చారు. ఆవిడ కింద వాటా అద్దెకు తీసుకునుంటే నా బతుకు ఎంత ప్రశాంతంగా ఉండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

వీధి వీధంతా మా అత్తవారి గుమ్మం ముందు ఉంది. అతను కారు దిగాడు, కర్ర లేకుండా నడుచుకుంటూ వచ్చాడు. అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. ఆ ఇంట్లోకి చెప్పులతో ఎవరూ అడుగుపెట్టరు. అత్తగారు హారతిపళ్ళెం తిప్పింది, దిష్టి తీసింది, అలవాటు ప్రకారం నోరు దానంతటదే అనేసింది.

"కుడికాలు ముందు పెట్టి లోపలికి రండి బాబూ."

కర్పూరం మండే చప్పుడు వినిపించిందంటే నమ్మండి. మా మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు నా బుర్రలో ఒక జోకు పుట్టింది. మంచి జోకు. నాలిక చివరిదాకా వచ్చేసింది. ఇలాంటప్పుడు అనొచ్చా, అంటే తంతారా అని ఒక్క క్షణం ఆలోచించాను. జీవితంలో నేను ఆలోచించి మాట్లాడబోయింది ఆ ఒక్కసారే. ఆ క్షణంలో అతను అనేశాడు.

"ఏ కుడికాలండీ అత్తయ్యగారూ? దేవుడిచ్చిందా, గవర్నమెంటిచ్చిందా? దేవుడిది అక్కడే వదిలేసి వచ్చానండి. గవర్నమెంటుది పెట్టమంటే పెట్టేస్తాను." అని గడప మీంచి పెట్టుడు కాలు లోపలికి వేశాడు.

జనం నవ్వారు. ఏడుస్తూ నవ్వారు. అత్తగారు పళ్ళెం ఎవరికో ఇచ్చేసి అతని చేతులు పట్టుకుని నవ్వింది, ఏడ్చింది. పన్నెండేళ్ళలో నా జోకులకి ఎంతోమంది నవ్వారు గాని, ఏడుస్తూ నవ్వినవాళ్ళు ఒక్కరూ లేరు. మాటకి మాట నా జోకది. నా నోట్లోంచి ఎత్తుకుపోయాడు.

లోపలికి రెండడుగులు వేశాడో లేదో వెనక్కి తూలి గుమ్మం పట్టుకున్నాడు. "అయ్యో, నీరసం! కుర్చీ వెయ్యండి, కుర్చీ!" అని నలుగురు అరిచారు. అప్పుడు తెచ్చింది ఏ కుర్చీ అనుకున్నారు? నా పడకకుర్చీ. అది లోతుగా ఉంటుంది, అతను లేవడానికి ఇబ్బందని వారం తిరక్కుండా మావయ్యగారు దాని గుడ్డకి రెండు మడతలు వేయించి కుట్టించేశారు. దాంతో అది కునుకు తీయడానికి పనికిరాకుండా పోయింది. ఆ ఆదివారం పులుసులో తలకాయ ఎవరి కంచంలోకి వెళ్ళిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

"మీరు ఎప్పుడూ తింటూనే ఉన్నారు కదండీ అల్లుడుగారూ" అంది అత్తగారు, నా కంచంలో తోకముక్క వేస్తూ. ఎంత మెత్తగా అందో. గోదావరి నీళ్ళు తాగినవాళ్ళు పీక కోసినా 'అండీ' అనే కోస్తారు.

ఇంకొకటుంది. చెప్పుల కాళ్ళతో ఇంట్లోంచి పెరట్లో పంపు దాకా వెళ్ళానని ఒకసారి నన్ను ఆవిడ ముప్పావుగంట దెప్పింది. అతనికి మాత్రం హాల్లో బూట్లతో తిరగడానికి పర్మిషను వచ్చింది. ఉత్తకాళ్ళతో తూలుతున్నాడు, బూట్లతో తూలట్లేదు, అందుకని. వంటింట్లోకీ దేవుడి గదిలోకీ మాత్రం కుదరదు. ఆ ఇంట్లో భోజనాలు వంటింట్లోనే. అందరం లోపల తింటుంటే అతనికి హాల్లో బల్ల మీద విడిగా పెట్టేవారు, పక్కన మరదలు నిలబడేది. నాకు అది రాజభోగంలా కనిపించింది. అతను మాత్రం అన్నం కెలుకుతూ వంటింటి వైపు చూసేవాడు.

ఇదంతా ఓర్చుకునేవాణ్నేమో. చెరువు దగ్గర మాత్రం నా వల్ల కాలేదు.

మావయ్యగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. చెరువు గట్టు మీద తిరగలేకపోతున్నారు. నేను ఆరేళ్ళుగా ఆ చెరువు మీద మనసు పెట్టుకున్నాను. నోరు తెరిచి అడిగింది లేదు. గట్టు మీద నిలబడి, "ఈ చెరువు చూసుకునేవాడి బతుకే బతుకండీ మావయ్యగారూ, నన్ను కాపలా పెట్టెయ్యండి, చేపలకి జోకులు చెప్పుకుంటూ పడుంటాను" అని మాత్రం ఏటా అనేవాణ్ని. ఆయన ఏటా నవ్వేవారు. నిజంగా అడిగినదాన్ని జోకనుకోవడమే నా బతుకుకి పట్టిన రోగం.

ఒక సాయంత్రం టీ తాగుతూ ఆయన అన్నారు. "చెరువు చిన్నల్లుడుగారికి అప్పచెబుదామనుకుంటున్నానండి. షెడ్డులో కూర్చుని మేత వేయించుకుంటే చాలు కదండీ. మీకేమో ఎలాగూ షాపుంది."

"బాగుంటుందండి" అన్నాను. టీ చేదుగా ఉంది. పంచదార వేశారనే మా ఆవిడ తర్వాత చెప్పింది.

తోడల్లుడు మాత్రం, "చూద్దామండి మావయ్యగారూ. బోర్డు ఉంది కదండీ" అన్నాడు.

బోర్డంటే డాక్టర్ల బోర్డు. సెలవయ్యాక వాళ్ళ ముందు నిలబడాలి. నడిపిస్తారు, మెట్లెక్కిస్తారు, గంటలు నిలబెడతారు. పనికొస్తాడనుకుంటే మళ్ళీ డ్యూటీ. లేదంటే పింఛనిచ్చి ఇంటికి. ఇంట్లో అందరూ ఇంటికే వచ్చేస్తాడని లోపల్లోపల సంతోషంగా ఉన్నారు. "ఇంకా ఎందుకు బాబూ ఆ ఉద్యోగం, చేసింది చాలదేంటి" అని అత్తగారు రోజుకోసారి అనేది. మరదలు నోటితో అనేది కాదు గాని దేవుడి గదిలో ఏం మొక్కుతోందో అందరికీ తెలుసు.

అతను తిరిగి డ్యూటీకి వెళ్ళాలని ఆ ఇంట్లో కోరుకున్నవాళ్ళం ఇద్దరమే. అతనూ, నేనూ. అతనికి ఉద్యోగం కావాలి. నాకు కుర్చీ, తలకాయ, చెరువు కావాలి. కారణాలు వేరైనా పని ఒకటే కదా అని రంగంలోకి దిగాను.

కుళ్ళుకునేవాడి కళ్ళు చాలా బాగా పనిచేస్తాయి. అందరూ అతని ముఖం చూసి జాలిపడుతుంటే నేను వారంపాటు అతని పాదాన్నే చూశాను. మర్నాడు పక్కన కూర్చుని అడిగాను.

"తమ్ముడుగారూ, మీ బండికి వెనక గాలి తక్కువుందండీ."

"అదేంటండీ అన్నయ్యగారూ?"

"బూటు తీస్తే వెనక్కి ఒరిగిపోతున్నారు. నీరసం కాదది."

అతను నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "బూటు మడమ ఎత్తుకి సరిపోయేలా కాలు అమర్చారండి. డ్యూటీలో ఎప్పుడూ బూటేగా, అలాగే బిగించమని నేనే చెప్పాను. అది తీస్తే వెనక్కి తోసేస్తుంది. చెబితే అత్తయ్యగారు బాధపడతారని ఊరుకున్నానండి."

కాలు బిగించేటప్పుడే డ్యూటీ గురించి ఆలోచించాడు. అత్తగారింటి గడప గురించి ఆలోచించలేదు. మోకాలి కింద మొండి అనుకున్నాను, మోకాలి పైన అంతకంటే మొండి.

షాపుకెళ్ళి పాత లారీ టైరు ముక్క తీశాను. మడమ దగ్గర రెండు వేళ్ళ మందం, ముందుకొచ్చేసరికి ఏమీ లేకుండా ఏటవాలుగా కోశాను. రెండు పొరలు సొల్యూషనుతో అంటించి, పాదానికి పట్టుకునేలా సైకిలు ట్యూబు పట్టీ వేశాను. మూడుసార్లు కోసి మూడుసార్లు పారేశాను, నాలుగోది సరిపోయింది. తొడిగి, ఉత్తకాళ్ళతో హాలంతా నడిచాడు. వంటింటి గడప దగ్గర ఆగి అత్తగారి వైపు చూశాడు.

"అది టైరు కదండీ అల్లుడుగారూ, రోడ్డు మీద తిరిగింది కాదు కదా?" అని ఆవిడ నన్నడిగింది.

"కొత్త టైరండీ, ఊరు పేరు కూడా తెలియదు దానికి" అన్నాను. ఆ టైరు విజయవాడ చూసింది, వైజాగు చూసింది, దారిలో ఎన్ని పేడకళ్ళు చూసిందో దేవుడికే తెలియాలి. అత్తగారు దాని మీద పసుపునీళ్ళు చల్లి, అతన్ని వంటింట్లోకి, అక్కడినుంచి దేవుడి గదిలోకి తీసుకెళ్ళింది. పన్నెండేళ్ళ అల్లుడి మీద ఏనాడూ చల్లని పసుపునీళ్ళు లారీ టైరు మీద చల్లారు. దాని మీద కూడా కుళ్ళుకున్నాను.

ఆ మర్నాటినుంచి పొద్దున్నే చెరువు గట్టు మీద నడక. తెల్లవారాక ఏలూరునుంచి బండి మీద వెళ్ళేవాణ్ని. అతను ముందు నడవడం, నేను వెనక బండి మీద నెమ్మదిగా రావడం. ఇంట్లోవాళ్ళు నన్ను చూసి, "సొంత అన్నదమ్ములు కూడా ఇంత చెయ్యరు" అని మురిసిపోయారు. నేను సిగ్గుపడ్డాను. సిగ్గు నిజమే, వాళ్ళనుకున్న కారణం వేరు.

నా కోచింగు ఎలాంటిదంటే, నోరు మూయను. "తమ్ముడుగారూ, అటు చూడండి, కొంగ కూడా ఒంటికాలి మీదే నిలబడింది. దానికెవరూ హారతివ్వట్లేదు."

"దానికి బోర్డు లేదు కదండీ."

"మీకంటే నత్త నయమండి. ఇందాక బయల్దేరింది, అదిగో, షెడ్డు దాటిపోయింది."

అతను నవ్వుతూ నడిచేవాడు. తూము దగ్గర ఏడు మెట్లున్నాయి. వాటి మీద ఎక్కి దిగేవాడు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు పెట్టుడు కాలు ముందు, ఇది ఆసుపత్రిలో నేర్పిన సూత్రం. అంటే ఎక్కేటప్పుడు ఎడమకాలన్నమాట. "అత్తయ్యగారికి చెప్పకండి, హారతి వెనక్కి తీసుకుంటారు" అన్నాడు ఒకరోజు. అదీ మంచి జోకే. నేను నవ్వలేదు.

ఒకసారి పెట్టుడు కాలు ముందు వేసి ఎక్కి చూడమన్నాను. ప్రయత్నించాడు. రెండు మెట్లకే ముఖం పాలిపోయింది, పక్కనున్న గొట్టం పట్టుకుని వేలాడాడు. "మొండి మీద బరువంతా పడుతుందండి. నిప్పు పెట్టినట్టుంటుంది" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

బోర్డుకి ఇంకా పన్నెండు రోజులుందనగా వాన పడింది. వద్దన్నా వినకుండా గట్టు మీదికి వచ్చాడు. కొల్లేటి నల్లమట్టి తడిసిందంటే మనిషిని పట్టుకుని వదలదు. షెడ్డు దాటాక అంచున జారాడు. కుడికాలు మోకాలిదాకా దిగబడింది. లాగాడు. మోకాలు పైకొచ్చింది, కాలు మట్టిలోనే ఉండిపోయింది.

అతను బురదలో చతికిలబడ్డాడు. నేను బండి స్టాండు వేసి పరిగెత్తాను. ముందు అతన్ని పైకి లాగి గట్టు మీద కూర్చోబెట్టాను. తర్వాత మట్టిలో చెయ్యి పెట్టి కాలు తవ్వి తీశాను. బూటుతో సహా వచ్చింది. అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. చెరువులో కడుగుతున్నాను. కడుగుతుంటే మొదటిసారి నాకు జోకు తట్టలేదు.

అతను నావైపు చూడట్లేదు, నీళ్ళకేసి చూస్తున్నాడు. "చాలండి అన్నయ్యగారూ. బోర్డు లేదు, ఏం లేదు. చెరువే తీసుకుంటాను. మావయ్యగారికి చెప్పెయ్యండి."

"మీరు చెరువు తీసుకుంటే నా గతేంటండీ?" అన్నాను.

అనేశాక నాలిక కరుచుకున్నాను. అతను మెల్లగా తల తిప్పాడు.

"మీకు నేనంటే కుళ్ళా అండీ?"

ఇంకేం దాస్తాను? కాలు నా చేతుల్లోనే ఉంది. "అవునండీ. కుళ్ళే. ఆ కుర్చీ నాది. ఆ తలకాయ నాది. గుమ్మంలో మీరు వేసిన జోకు నాది, ఒక్క క్షణం ఆలస్యమైంది, అంతే. ఈ చెరువు ఆరేళ్ళనుంచి అడుగుతున్నాను, ఎవడూ వినలేదు. మీ కాలు పోయింది కాబట్టి మీకిస్తున్నారు. నాది కూడా తీసేసుకోమంటే..." అని ఆగిపోయాను. ఆగి, ఎవరికీ పూర్తిగా చెప్పంది కూడా చెప్పేశాను. పద్దెనిమిదేళ్ళప్పుడు మిలటరీ సెలక్షనుకి వెళ్ళాను. ఉత్తకాళ్ళతో పరిగెత్తి మా బ్యాచీలో నాలుగోవాడిగా వచ్చాను. తర్వాత బల్ల దగ్గర ఒకాయన టెన్త్ సర్టిఫికెట్ అడిగాడు. "పరిగెత్తడానికి సర్టిఫికెట్ ఎందుకండీ, కాళ్ళు చాలవా?" అన్నాను. లెక్కల మాస్టారిలాగే ఆయనా నవ్వలేదు. "మీ పెళ్ళినాడు ఆ మిలటరీ డ్రెస్సులో మిమ్మల్ని చూసినప్పటినుంచి నాకు మంటేనండీ. కాలున్నప్పుడూ మంటే, పోయాకా మంటే."

నన్ను కొడతాడనుకున్నాను. నవ్వడం మొదలెట్టాడు. బురదలో కూర్చుని, ఒంటికాలు చాపుకుని, కొంగలు లేచిపోయేలా నవ్వాడు.

"హమ్మయ్యండీ" అన్నాడు చివరికి. "ఊరంతా జాలిపడుతోంది. ఆసుపత్రిలో జాలి, రైల్లో జాలి, ఇంట్లో జాలి. నన్ను చూసి కుళ్ళుకునేవాడు ఇంకా ఒకడున్నాడన్నమాట."

"ఉన్నాడండి. మీ కాలు కడుగుతున్నాడు."

"నాలుగోవారా మీరు?" అన్నాడు. "నేను పదకొండోవాణ్నండి. అందరికంటే చివర తీసుకున్నారు."

ఆ మాట విని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నాలుగోవాడు ఏలూరులో పంక్చర్లు వేస్తున్నాడు. పదకొండోవాడు మొండి తుడుచుకుని, దాని మీద వేసే తొడుగు పిండి వేసుకుని, కాలు బిగించుకుని లేచాడు. ఇంటికి వెళ్ళేలోపు మూడుసార్లు జారాడు. నేను పట్టుకోబోతే, "నత్త ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి" అన్నాడు.

బోర్డుకి వెళ్ళాడు. నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఐదో రోజు మధ్యాహ్నం నా ఫోనుకే చేశాడు, మరదలికి కాదు, మావయ్యగారికి కాదు. "తీసుకున్నారండి. గస్తీకి పంపరు. కొత్తగా చేరినవాళ్ళకి ట్రైనింగివ్వడం. యూనిట్లోనే." నేను అప్పుడు ఆటో టైరుకి గాలి కొడుతున్నాను. ఎంతసేపు కొట్టానో, డ్రైవరు వచ్చి, "పేలిపోతుందండీ బాబూ" అని గొట్టం లాగేసుకున్నాడు.

నాకు కావలసిందే జరిగింది. మరి కడుపులో మంట తగ్గాలి కదా. తగ్గలేదు. అదివరకు కుర్చీ కోసం మండేది, ఇప్పుడు ఇంకేదో కోసం మండుతోంది. రెండు కాళ్ళున్న నాకు ఒక్కసారీ ఇవ్వనిది అతనికి రెండుసార్లు ఇచ్చారు, కాలున్నప్పుడొకసారి, పోయాక ఒకసారి.

సామాను సర్దుకోవడానికి వచ్చి మూడు రోజులున్నాడు. మరదలు ఏడుస్తూనే సున్నుండలు చుట్టింది. అక్కడ ఇల్లు దొరికాక ఆమెని కూడా తీసుకెళతానన్నాడు. మావయ్యగారు నాతో, "చెరువు ఇక మీరే చూసుకోవాలండి" అన్నారు. ఆరేళ్ళు ఎదురుచూసిన మాట. "అలాగేనండి" అన్నాను, ఎవరో బజారునుంచి కూరలు తెమ్మన్నట్టు.

ఏలూరు స్టేషనుకి అందరం వెళ్ళాం. రైలు ఎక్కువసేపు ఆగదు. పెట్టె నేను ఎక్కించి దిగాను. అతను తలుపు పక్క కడ్డీలు పట్టుకుని ఎడమకాలు లేపాడు. సరిగ్గా అప్పుడు వెనకనుంచి అత్తగారు అనేసింది.

"కుడికాలు ముందు పెట్టి ఎక్కండి బాబూ. శుభమా అని వెళుతున్నారు."

అతని ఎడమకాలు గాల్లో ఆగిపోయింది. తిరిగి నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, వద్దన్నట్టు. రైలు మెట్టు తూము మెట్టుకి రెండింతలుంటుంది. ఆ తూము దగ్గర రెండు మెట్లకే వేలాడిన సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఎడమకాలు కిందికి దించాడు. కుడికాలు లేపి మెట్టు మీద పెట్టాడు. అత్తగారు ఆ కాలే చూసింది, చేతులు జోడించింది. నేను అతని చేతులు చూశాను. కడ్డీల మీద వేళ్ళు తెల్లబడ్డాయి. మెడ మీద నరం తాడులా లేచింది. దవడ బిగుసుకుంది. ఒక్క క్షణం ఎటూ కదల్లేదు. తర్వాత ఒళ్ళంతా చేతులతోనే పైకి లాక్కున్నాడు, ఎడమకాలు వెనకాలే వచ్చింది. తిరిగి నిలబడేసరికి ముఖం నిండా చెమట, దాని మీద నవ్వు.

"అన్నయ్యగారూ, గాలి సరిపోయిందండీ" అన్నాడు. రైలు కదిలింది.

"చూశారా, చెప్పగానే కుడికాలే పెట్టారు. పెద్దవాళ్ళ మాటంటే ఎంత గౌరవమో" అని అత్తగారు ప్లాట్‌ఫారం మీద అందరికీ చెప్పుకుంది. అసలు సంగతి చెబితే అందరూ నోరెళ్ళబెట్టేవారు. దాన్ని కొంచెం తిప్పి చెబితే నవ్వేవారు కూడా. చెప్పలేదు. ఆ ఇంట్లో నేను మింగేసిన మాట అదొక్కటే. ఇన్నాళ్ళకి మీకు చెబుతున్నాను.

ఆ ఆదివారం తలకాయ నా కంచంలోకే వచ్చింది. "చిన్నల్లుడుగారుంటే ఎంత ఇష్టంగా తినేవారో" అంటూ వేసింది అత్తగారు. రెండు చెంపలూ తినేశాను, కళ్ళు కూడా వదల్లేదు. తిని అరుగు మీదికొచ్చి పడకకుర్చీలో కూర్చున్నాను. మడతలు కుట్టిన గుడ్డ నడుముని నిటారుగా నిలబెట్టేసింది. వెనక్కి వాలదామంటే వాలనివ్వదు.

"ఏవండీ, ఆ కుట్లు విప్పించెయ్యనా?" అంది మా ఆవిడ.

"వద్దులే. వచ్చే సెలవుకి అతనొస్తాడు కదా, ఇలా ఉంటేనే లేవడానికి తేలిక."

మా ఆవిడ పకపకా నవ్వింది. జోకనుకుంది.